పంటికి పొన్ను

పుచ్చిన దవడ పంటికి రూట్ కెనాల్ చేయించుకొని, రాత్రిళ్ళు కంటిమీద కునుకు లేకుండా చేసిన నొప్పి పోగానే, ఆ పైన వేయించుకోవలసిన క్యాప్ సంగతిని పండగ వెళ్ళాక చూద్దాం, పంట డబ్బు చేతికొచ్చాక చూద్దాం, పిల్లల ఫీజులు కట్టాక చూద్దాం అనుకుంటూ నెలలకు నెలలు వాయిదా వేసేవారు తెలుగు నాట ఏ ఊళ్ళో చూసినా కనిపిస్తారు. వారిని తప్పుపట్టడానికి లేదు. ఒంట్లో బాధ తగ్గితే జబ్బు తగ్గినట్టేనన్నది తరతరాలుగా పాతుకున్న నమ్మకం. బాధ లేని పంటి మీద మళ్ళీ కొన్ని వేలు ఖర్చు పెట్టమనే మాట అంత తేలిగ్గా చెవికెక్కదు. సాధారణ ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు ఇటువంటి పంటి వైద్యానికి డబ్బు చెల్లించవు గనుక భారమంతా జేబు మీదే పడుతుంది. అయినా, రూట్ కెనాల్ జరిగిన దవడ పంటి విషయంలో నొప్పి తగ్గడం చికిత్సలో మొదటి సగం మాత్రమే. నమలడానికి తట్టుకునేలా ఆ పంటిని నిలబెట్టడం రెండో సగం. దంతవైద్యులు క్రౌన్ అనీ, జనం క్యాప్ అనీ పిలిచే తొడుగు చేసే పని అదే. మొదటి సగానికి పెట్టిన ఖర్చూ పడిన శ్రమా దక్కేదీ లేనిదీ చాలావరకు ఈ రెండో సగమే నిర్ణయిస్తుంది.

తొడుగు అవసరం అర్థం కావాలంటే పన్ను నిర్మాణం ముందు తెలియాలి. చిగురు పైకి కనిపించే భాగాన్ని శిఖరమనీ, దవడ ఎముకలో దిగి ఉండే భాగాన్ని మూలమనీ అంటారు. శిఖరాన్ని కప్పి ఉండే మెరిసే పొర ఎనామిల్. బడి పుస్తకాలలో దీనికి పింగాణీ పొర అని పేరు. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే అయిన ఈ పొరను మించిన గట్టి పదార్థం మనిషి శరీరంలో మరొకటి లేదు. నమిలే పళ్ళ మొనల దగ్గర దీని మందం రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్లు ఉండి, చిగురును చేరేసరికి పలచబడిపోతుంది. దాని కింద ఉండేది డెంటిన్. ఇందులో ఖనిజం సుమారు 70 శాతమే. మిగిలినది కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులూ నీరూ కావడం వల్ల ఇది ఎనామిల్ అంత గట్టిగా కాక, ఒత్తిడికి కొద్దిగా వంగి మళ్ళీ సర్దుకునే గుణంతో ఉండి, గట్టిదైనా పెళుసైన పైపొరకు ఆసరాగా నిలుస్తుంది. డెంటిన్ నడుమ ఉన్న గదిలో రక్తనాళాలూ నరాలూ నిండిన మెత్తని కణజాలం ఉంటుంది. దానినే పల్ప్ అంటారు, జనం మాటలో పంటి నరం. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది గాని ఎనామిల్‌కు ఆ అవకాశం లేదు. దానిని నిర్మించే ఎమెలోబ్లాస్టులనే కణాలు పన్ను చిగురును చీల్చుకొని బయటికి వచ్చే నాటికే అంతరించిపోతాయి. లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్లు తొలిదశలో తెల్లమచ్చగా కనిపించే నష్టాన్ని కొంతవరకు పూడ్చగలవు. ఊడిపోయిన ముక్కను మాత్రం ఏదీ తిరిగి మొలిపించలేదు. పోయినదాని చోట బయటి పదార్థాన్ని అమర్చడం తప్ప దంతవైద్యానికి నేటికీ వేరే దారి లేదు.

పన్ను చెడడానికి కారణాలు అనేకం. పళ్ళ మీద పేరుకునే పాచిలోని బాక్టీరియా, ముఖ్యంగా స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే జాతి, తిన్న చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది; పాచిలో ఆమ్లత్వాన్ని తెలిపే పీహెచ్ విలువ సుమారు 5.5 కంటె దిగినప్పుడల్లా ఎనామిల్ నుంచి కొంత ఖనిజం కరిగిపోతుంది. అందుకే భోజనంతో పాటు ఒకేసారి తిన్న తీపి కంటె, రోజంతా గంటకోసారి తాగే తీపి టీ పంటికి ఎక్కువ చేటు చేస్తుంది. పుచ్చు లేకుండానే పగిలే పళ్ళూ తక్కువేమీ కాదు. ఆవకాయ ముక్కను అంటిపెట్టుకున్న టెంకను దవడ కింద పెట్టి నమలడం, సరిగా ఏరని బియ్యంలోని రాయి అన్నంతో పాటు పంటి కింద పడడం, ఏళ్ళ తరబడి వక్క నమలడం, నిద్రలో పళ్ళు కొరకడం వంటివి పంటిలో కంటికి కనిపించని చీలికలు తెస్తాయి. అటువంటి పన్ను కొరికినప్పటి కంటె కొరికి వదిలినప్పుడు చురుక్కుమనడం ఒక గుర్తు. ఎక్స్‌రేలో కూడా ఆ చీలిక తరచు దొరకదు గనుక, నొప్పి ఉన్నదని చెప్పేవారి మాటను ఓపికగా వినే వైద్యుడే దానిని పట్టుకోగలడు. తెలుగు ప్రాంతాలకు ఇంకొక దుఃఖం కూడా ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన చోట్ల, శాశ్వత దంతాలు ఎముకలో రూపుకట్టే చిన్నతనంలో ఆ నీరు తాగిన పిల్లల ఎనామిల్ సరిగా గట్టిపడక, గోధుమరంగు మచ్చలతో, తీవ్రమైన సందర్భాలలో గుంటలు పడి పెచ్చులూడే స్థితిలో బయటికి వస్తుంది. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో ఫ్లోరోసిస్‌ను వైద్య పరిశోధకులు 1937లోనే నమోదు చేశారు. నల్లగొండ పేరు ఈ జబ్బుతో ఎంతగా ముడిపడిందంటే, నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తొలగించేందుకు పటికనూ సున్నాన్నీ వాడే పద్ధతికి దేశమంతటా నల్లగొండ టెక్నిక్ అనే పేరు స్థిరపడింది. ఆ నీళ్ళతో పెరిగినవారిలో పళ్ళు బాగా దెబ్బతిన్నవారికి తొడుగు అందం కోసం కోరుకునేది కాదు, నలుగురిలో నోరు తెరిచి నవ్వడానికి కావలసిన కనీస మరమ్మతు.

పుచ్చు పల్ప్ దాకా చేరి అది చీముపట్టినప్పుడో, మళ్ళీ కోలుకోలేనంతగా వాచినప్పుడో చేసేదే రూట్ కెనాల్. చెడిన కణజాలాన్ని పంటి పైనుంచి రంధ్రం చేసి తొలగించి, మూలాలలోని సన్నని కాలువలను శుభ్రపరచి, మలయా ప్రాంతపు చెట్టు పాల నుంచి వచ్చే గట్టా పెర్చా అనే పదార్థంతో వాటిని మూసివేస్తారు. ఆ తర్వాత పన్ను ఎందుకు విరుగుతుందన్న ప్రశ్నకు, నరం తీసేయడంతో పన్ను ఎండి పెళుసెక్కుతుందన్న జవాబు వైద్యుల నోట కూడా చాలాకాలం వినిపించింది. అసలు కారణం వేరని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. 1989లో రీహ్, మెసర్, డగ్లస్ అనే ముగ్గురు పరిశోధకులు అగ్రచర్వణకాలను, అంటే కోరపంటికీ పెద్ద దవడ పళ్ళకూ నడుమ ఉండే పళ్ళను, తీసుకొని దశలవారీగా చెక్కుతూ వాటి బిగువును కొలిచారు. రూట్ కెనాల్ కోసం చేసే పనుల వల్ల తగ్గిన బిగువు 5 శాతం మాత్రమే. పక్క పళ్ళను తాకే రెండు వైపులా ఉండే అంచు గట్లు కూడా పోయేలా గుంట తీసినప్పుడు తగ్గిన బిగువు 63 శాతం. పంటిని బలహీనపరిచేది నరం పోవడం కాదు, పుచ్చువల్లనో పాత ఫిల్లింగుల వల్లనో ఆ గట్లు పోవడమేనని దీనితో స్పష్టమయింది. గట్టు ఉన్నంతకాలం పంటి నాలుగు గోడలూ ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి. గట్టు తెగాక చెంపవైపు గోడా నాలుకవైపు గోడా విడివిడిగా నిలబడి, ప్రతి ముద్దకూ కొద్దికొద్దిగా అటూ ఇటూ వంగుతాయి. మనిషి దవడ పళ్ళ నడుమ గట్టిగా కొరికితే యాభై కిలోల బరువుకు మించిన ఒత్తిడి పుడుతుంది. అటువంటి వంగుడు నెలల తరబడి సాగాక ఒకనాడు ఏ జంతిక ముక్కో నములుతుండగా పన్ను నిలువునా రెండుగా చీలుతుంది. ఆ చీలిక మూలంలోకి దిగితే పంటిని తీసేయడం తప్ప ఏమీ చేయలేరు. 2002లో ప్రచురితమైన మరొక అధ్యయనంలో, రూట్ కెనాల్ తర్వాత తొడుగు పడని పళ్ళు తొడుగు ఉన్న పళ్ళ కంటె ఆరు రెట్లు వేగంగా నష్టపోయినట్టు తేలింది. కాస్త బాగున్న పళ్ళకే వైద్యులు తొడుగు వేసి ఉండవచ్చు గనుక ఆ తేడా మొత్తాన్ని తొడుగు ఘనతగానే లెక్కవేయకూడదు. అయినా అంత పెద్ద అంతరాన్ని కొట్టిపారేయడానికి వీలులేదు.

వడ్లు దంచే రోకలి చివర ఇనుప పొన్ను ఎందుకు బిగిస్తారో పల్లెటూరివారికి చెప్పనక్కరలేదు: దెబ్బ పడిన ప్రతిసారీ కర్ర పోగులు విచ్చుకోవాలని చూస్తాయి, చుట్టూ బిగిసిన పట్టీ వాటిని విచ్చుకోనివ్వదు. తొడుగు పంటికి చేసే మేలు సరిగ్గా అదే. అయితే పొన్ను బిగియడానికి దాని లోపల గట్టి కర్ర ఉండాలి. తొడుగు అంచుకు పైన, చుట్టూరా కనీసం ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్ల ఎత్తున సహజమైన పంటి గోడ మిగిలి ఉండాలని, దానిని తొడుగు కౌగిలించుకోవాలని దంతవైద్య శాస్త్రం నొక్కి చెబుతుంది. రోగి కంటికి ఎన్నడూ కనిపించని ఆ రెండు మిల్లీమీటర్లే తొడుగు పదేళ్ళు ఉంటుందా, రెండేళ్ళకే ఊడుతుందా అన్నది నిర్ణయిస్తాయి. పై భాగమంతా పోయి మూలం మాత్రమే మిగిలినప్పుడు, కాలువలోకి పోస్ట్ అనే సన్నని కడ్డీని దించి, దాని ఆధారంగా కోర్ అనే కృత్రిమ మొండెం కట్టి, దానిపై తొడుగు బిగించే పద్ధతి ఉంది. పోస్ట్ పెడితే పన్ను బలపడుతుందన్న నమ్మకం చాలామందిలో ఉన్నా, అది కోర్‌ను పట్టి ఉంచుతుందే తప్ప మూలానికి కొత్త బలం ఇవ్వదు. దాని కోసం కాలువను వెడల్పు చేస్తే ఉన్న బలం కూడా తగ్గుతుంది. ఈ లెక్కలన్నీ చూశాక, ఈ పన్ను తొడుగుకు పనికిరాదు, తీసేయడమే మంచిదని వైద్యుడు చెబితే ఆ మాట కూడా నిజాయితీ గల సలహాయే కావచ్చు. పై పన్ను తీయిస్తే చూపు మందగిస్తుందన్న భయానికి శాస్త్రంలో ఆధారం లేదు.

తొడుగును సమర్థించేవారు దాని మరో ముఖాన్ని దాచకూడదు. తొడుగు పట్టాలంటే దాని మందానికి సరిపడా పంటిని చుట్టూ, పైనా చెక్కాలి. పింగాణీ తొడుగుల కోసం చెక్కినప్పుడు చిగురు పైనున్న పంటి పదార్థంలో, బరువు లెక్కన, దాదాపు మూడింట రెండు వంతులు పోతుందని కొలిచి చూసినవారు తేల్చారు. ఒకసారి చెక్కిన ఎనామిల్ తిరిగి రాదు; బతికి ఉన్న పంటిని చెక్కితే పల్ప్ ఆ దెబ్బకు కొన్నేళ్ళ తర్వాత చచ్చిపోయి, అప్పుడు రూట్ కెనాల్ అవసరమయ్యే సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి, మిగిలిన పంటిని కాపాడడానికి వేరే మార్గం లేనప్పుడే తొడుగు న్యాయమైన చికిత్స. రూట్ కెనాల్ జరిగిన ముందు పంటికి పెద్దగా నష్టం లేకపోతే, రంధ్రాన్ని కాంపోజిట్ అనే పంటిరంగు పూరకంతో మూసివేస్తే చాలు. నమిలే పంటికి కూడా రెండు అంచు గట్లూ నిలిచి ఉంటే, పై మొనలను మాత్రమే కప్పే ఆన్‌లే అనే అరతొడుగుతో సరిపెట్టవచ్చు. పెళ్ళి ఫోటోల కోసమో, నవ్వు తెల్లగా కనబడడం కోసమో, ఇరవై ఏళ్ళు దాటీదాటని వయసులో ఆరోగ్యంగా ఉన్న ముందు పళ్ళను వరసగా చెక్కించి తొడుగులు వేయించుకునే ధోరణి నగరాలలో పెరుగుతున్నది. తొడుగులకు ఆయుష్షు ఉన్నదని, మార్చిన ప్రతిసారీ పన్ను ఇంకొంత తరుగుతుందని, ఆ వయసులో మొదలుపెడితే జీవితకాలంలో ఎన్నోసార్లు మార్చవలసి వస్తుందని ఆ పిల్లలకు ముందే విడమరచి చెప్పడం వైద్యుడి ధర్మం. చెప్పకుండా చెక్కడం అన్యాయం.

ఈ విద్య ఒక్కనాటిది కాదు. ఇటలీలోని ఎట్రుస్కన్లు క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దం నాటికే బంగారు పట్టీలతో పళ్ళు కట్టేవారు. పింగాణీ తొడుగుకు ఆద్యుడు అమెరికాలోని డెట్రాయిట్ దంతవైద్యుడు చార్లెస్ హెన్రీ ల్యాండ్. పలుచని ప్లాటినం రేకు మీద పింగాణీని కాల్చి అతికించే పద్ధతికి ఆయన 1889లో పేటెంట్ పొందాడు. 1927లో ఒంటరిగా అట్లాంటిక్‌ను దాటిన విమాన చోదకుడు చార్లెస్ లిండ్‌బర్గ్ ఆయనకు కూతురి కొడుకు. 1907లో విలియం టాగర్ట్ మైనపు అచ్చును కరిగించి దాని ఖాళీలోకి బంగారాన్ని పోతపోసే యంత్రాన్ని దంతవైద్యులకు పరిచయం చేశాడు. ఆదిలాబాద్ జిల్లాలోని ఓజా కళాకారులు డోక్రా బొమ్మలు పోతపోయడంలో తరతరాలుగా అనుసరిస్తున్న మైనపు పోత సూత్రమే అది. లోహానికి పింగాణీని గట్టిగా అతికించే మిశ్రమలోహాలకు 1962లో పేటెంట్లు రావడంతో, లోహపు బలమూ పంటి రంగూ కలిసిన తొడుగులు ప్రపంచమంతటా వ్యాపించాయి. 1957లో జాన్ బోర్డెన్ గాలి ఒత్తిడితో తిరిగే వేగవంతమైన కోత పరికరాన్ని తెచ్చేదాకా పంటిని చెక్కడమంటే రోగికీ వైద్యుడికీ కూడా పెద్ద పరీక్షే. ఆ పరికరం పేరు ఎయిరోటార్. ఇవాళ చిన్న పట్టణాల క్లినిక్కులలో కూడా దాని సన్నని కూత వినిపిస్తుంది.

కుర్చీలో జరిగే పనిని దగ్గరగా చూస్తే అందులోని నైపుణ్యం తెలుస్తుంది. బతికి ఉన్న పన్ను అయితే లిగ్నోకెయిన్ సూదితో ముందు తిమ్మిరెక్కిస్తారు. వజ్రపు పొడి అద్దిన సన్నని బర్ నిమిషానికి మూడు లక్షలకు పైగా చుట్లు తిరుగుతూ పంటిని కోస్తుంటే, వేడికి పల్ప్ దెబ్బతినకుండా దానిపై ఎడతెగక నీరు చిమ్ముతూ ఉండాలి. నమిలే మొనల మీద ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు, పక్క గోడల మీద ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్లు తీస్తారు. ఎదుటి గోడలు రెండూ పైకి పోయేకొద్దీ కొద్దిగా దగ్గరవ్వాలి గాని ఆ ఏటవాలు కొద్ది డిగ్రీలను మించకూడదు. గోడలు మరీ నిట్టనిలువుగా ఉంటే తొడుగు కిందికి దిగదు, మరీ వాలుగా ఉంటే నిలవదు. చిట్టచివర చిగురు పక్కన చుట్టూరా ఒక సన్నని మెట్టు చెక్కుతారు. తొడుగు అంచు కూర్చునేది దానిమీదే, పనితనం మంచిదో చెడ్డదో తేలేదీ అక్కడే. ఆ మెట్టు అచ్చులో స్పష్టంగా పడేందుకు చిగురుకూ పంటికీ నడుమ సన్నని దారాన్ని ఇరికించి చిగురును కొద్దిగా పక్కకు నెట్టి, ఆపై సిలికాన్ ముద్దతో అచ్చు తీస్తారు; కొన్ని క్లినిక్కులలో ముద్దకు బదులు నోటిలోకి చిన్న స్కానర్ పెట్టి పంటి రూపాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. అచ్చులో ఒక చోట గాలి బుడగ ఉన్నా, ఒక చుక్క రక్తం అంచును కప్పినా మళ్ళీ తీయాలి. రోగి సహనాన్ని చూసి మొహమాటపడి సరిపెట్టే వైద్యుడి కంటె, రెండోసారి నోరు తెరవమని అడిగే వైద్యుడు ఎక్కువ మేలు చేస్తాడు. రంగును పగటి వెలుతురులో, పళ్ళు ఆరిపోకముందే, నమూనా పళ్ళ పట్టీతో పోల్చి రాసుకుంటారు.

అక్కడినుంచి పని డెంటల్ ల్యాబ్‌కు చేరుతుంది. తొడుగు చేసిన మనిషిని రోగి ఎన్నడూ చూడడు, అతని పేరు కూడా వినడు. అయినా ఈ చికిత్సలో సగం పనితనం ఆ టెక్నీషియన్ చేతిదే. అచ్చులో గట్టి ప్లాస్టర్ పోసి పళ్ళ నమూనా తీసి, చెక్కిన పంటిని రంపంతో విడిగా కోసి, మెట్టు అంచును రంగు పెన్సిల్‌తో గీసుకొని, ఆ గీత దాటకుండా మైనంతో తొడుగు రూపాన్ని కడతాడు. లోహపు తొడుగైతే మైనం చుట్టూ వేడిని తట్టుకునే పొడి ముద్దను గట్టిపరచి, కొలిమిలో మైనాన్ని కాల్చివేసి, ఆ ఖాళీలోకి కరిగిన లోహాన్ని తోస్తాడు. పింగాణీ పూత కావాలంటే ఆ లోహం మీద ముందు నల్లదనాన్ని కప్పే పొరనూ, తర్వాత డెంటిన్ రంగునూ, పైన ఎనామిల్ పారదర్శకతనూ కుంచెతో వరసగా అద్ది ఒక్కొక్క పొరనూ కొలిమిలో కాలుస్తాడు; పింగాణీ కాలినప్పుడు కుంచించుకుపోతుంది గనుక ముందే అంత ఎక్కువ పరిమాణంలో కట్టాలి. జిర్కోనియా తొడుగులు మరో తీరుగా పుడతాయి. జిర్కోనియం ఆక్సైడ్‌లో కొద్దిపాటి యిట్రియం ఆక్సైడ్ కలిపి తయారుచేసిన, ఇంకా పూర్తిగా కాలని తెల్లని బిళ్ళను కంప్యూటర్ నడిపే యంత్రం చెక్కుతుంది. ఆ దశలో బిళ్ళ మెత్తగా ఉండి సులువుగా చెక్కుడుపడుతుంది. ఆ తర్వాత సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని గంటలు కాలితే ప్రతి కొలతలోనూ 20 శాతానికి మించి కుదించుకుపోయి అసలు పరిమాణానికి వస్తుంది. ఎంత కుదించుకుపోతుందో ముందే లెక్కకట్టి అంత పెద్దదిగా చెక్కడంలోనే ఆ సాంకేతికత రహస్యమంతా ఉంది. జిర్కోనియాలో చిరుచీలిక పుట్టినప్పుడు దాని మొన దగ్గరి స్ఫటికాలు రూపం మార్చుకొని కొద్దిగా ఉబ్బి, ఆ చీలికను తామే నొక్కి ఆపుతాయి. పింగాణీ జాతిలో పుట్టిన పదార్థానికి ఇంత గట్టితనం రావడానికి కారణం ఆ గుణమే.

ఏ పదార్థం మంచిదన్న ప్రశ్నకు ఖరీదైనదే మంచిదన్న సమాధానం క్లినిక్కులలోనూ చుట్టాల మాటల్లోనూ వినిపిస్తుంది గాని, అది సరైన సమాధానం కాదు. నవ్వితే కనిపించని వెనకటి దవడ పంటికి పూర్తి లోహపు తొడుగు వేస్తే పంటిని తక్కువ చెక్కితే చాలు, పెచ్చు ఊడుతుందన్న భయం ఉండదు, ఖర్చూ తక్కువే. రంగు ఒక్కటే దాని లోపం. ఆ లోపం నోటి మూలలో ఎవరికీ పట్టనిది గనుక, డబ్బుకు ఇబ్బందిపడేవారికి ఆ తొడుగును చిన్నచూపు లేకుండా సూచించడం మంచి వైద్యం. అయితే చౌక లోహాలలో నికెల్ ఉంటుంది. గిల్టు నగలు పెట్టుకుంటే చర్మం దురద పుట్టి కందేవారు ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి. లోహం మీద పింగాణీ పూసిన తొడుగు నిలకడగా ఉండే రకమే. చిగురు కిందికి జారినప్పుడు అంచున బూడిదరంగు గీత బయటపడడం, పైపూత ఎప్పుడైనా పెచ్చుగా లేవడం దాని బలహీనతలు. జిర్కోనియా పగలడం అరుదు; బాగా నునుపు చేసిన జిర్కోనియా ఎదుటి పంటిని పెద్దగా అరగదీయదు గాని, నోటిలో సరిచేసిన తర్వాత గరుకుగా వదిలేస్తే అరగదీస్తుంది. ముందు పళ్ళకు లిథియం డైసిలికేట్ అనే గాజుజాతి పింగాణీ వెలుతురును సహజంగా లోపలికి పోనిస్తుంది గనుక చూపుకు మేలైనది. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడ, కడపలలోనూ ఉన్న ప్రభుత్వ దంతవైద్య కళాశాలలలో, అనేక ప్రైవేటు దంత కళాశాలల ఆసుపత్రులలో కృత్రిమ దంతాల విభాగం వారు అధ్యాపకుల పర్యవేక్షణలో తొడుగులు వేస్తారు. ఎక్కువసార్లు తిరగవలసి వచ్చినా, బయట ఖర్చు భరించలేనివారు చికిత్సను సగంలో ఆపడానికి ముందు అక్కడికి వెళ్ళి అడగడం మేలు.

తొడుగు తయారై వచ్చేలోగా చెక్కిన పంటికి తాత్కాలికమైన ప్లాస్టిక్ తొడుగు పెడతారు. పెట్టకపోతే బతికి ఉన్న పన్ను చల్లగాలి తగిలినా జివ్వుమంటుంది, పక్క పళ్ళు ఆ ఖాళీలోకి కొద్దిగా ఒరిగి, వచ్చిన తొడుగు పట్టకుండా పోతుంది. అసలు తొడుగును అతికించే ముందు నోటిలో పెట్టి చూడడం తంతు కాదు. పక్క పళ్ళతో దాని స్పర్శ ఆహారం ఇరుక్కోనంత దగ్గరగా, దారం దూరేంత ఎడంగా ఉండాలి. రంగు కాగితం కొరికించి ఎక్కడ ఎత్తు తగులుతున్నదో గుర్తించి ఆ చుక్కను అరగదీయాలి. పంటి మూలాన్ని ఎముకకు కట్టి ఉంచే పొరలోని నరాలు ఇరవై మైక్రాన్ల, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు, తేడాను కూడా పసిగట్టగలవు. కాబట్టి తొడుగు కాస్త ఎత్తుగా తగులుతున్నదని రోగి అంటే, నాలుగు రోజుల్లో అలవాటవుతుందని పంపించేయడం సరికాదు. ఆ ఎత్తుకు రోజూ దెబ్బతినేది అడుగున ఉన్న మూలం. అంతా కుదిరాక పంటిని ఆరబెట్టి, గ్లాస్ అయొనోమర్ లేదా రెసిన్ జాతి సిమెంటుతో అతికించి, అంచు వెంట బయటికి వచ్చిన సిమెంటును పూర్తిగా గీకి తీస్తారు. చిగురు కింద సిమెంటు తునక మిగిలితే ఆ చోట చిగురు వాచి రక్తం కారుతూనే ఉంటుంది.

తొడుగు ఉన్న పంటికి ఇక పుచ్చు పట్టదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. తొడుగు పుచ్చదు గాని దాని అంచు దగ్గర మొదలయ్యే అసలు పన్ను పుచ్చుతుంది. రూట్ కెనాల్ జరిగిన పంటిలో నరం లేదు గనుక ఆ పుచ్చు నొప్పి తెలియకుండానే లోలోపల పెరుగుతుంది. బ్రష్ కుచ్చును చిగురు వైపు వంచి ఆ అంచు మీద తోమడం, రాత్రి పడుకునే ముందు పళ్ళ సందుల్లో దారం పోనిచ్చి శుభ్రం చేయడం, ఏడాదికొకసారైనా చూపించుకుని అవసరమైతే ఎక్స్‌రే తీయించుకోవడం తప్పనిసరి. నిద్రలో పళ్ళు కొరికే అలవాటున్నవారికి రాత్రిపూట పెట్టుకునే పలుచని ప్లాస్టిక్ రక్షణ పలక తొడుగు ఆయుష్షును పెంచుతుంది. సక్రమంగా వేసిన తొడుగులలో సుమారు 95 శాతం ఐదేళ్ళ తర్వాత కూడా నిలిచి ఉంటున్నట్టు అధ్యయనాలు చూపుతున్నాయి. పది, పదిహేనేళ్ళు మన్నడం మామూలే, అంతకు మించి నిలిచేవీ ఉన్నాయి. ఎప్పుడైనా తొడుగు ఊడి చేతికి వస్తే దానిని కడిగి చిన్న డబ్బాలో భద్రపరచి, వీలైనంత త్వరగా, వారం పది రోజులు దాటకుండా వైద్యుడికి చూపించాలి. దుకాణంలో దొరికే జిగురుతో ఇంట్లోనే అతికించుకుంటే తొడుగు వంకరగా కూర్చుని, లోపల లాలాజలం చేరి, మిగిలిన పన్ను కొన్ని నెలల్లోనే మెత్తబడిపోతుంది. జిగురు పూయకుండా తెచ్చిన తొడుగును, కింది పన్ను గట్టిగా ఉన్నట్టయితే, శుభ్రం చేసి తిరిగి అతికించే పనికి అరగంట కూడా పట్టదు.